లేలాండీ హెడ్జ్ బాగా ఎత్తు పెరిగిపోయింది: కత్తిరించాలా, తీసేయాలా?

రెడింగ్‌వాసి
నమస్కారం అండి. కిందటేడు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు కొన్నాం. పెరట్లో దక్షిణం వైపు లేలాండీ హెడ్జ్ (ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల కంచె) ఉంది. తొమ్మిది చెట్లు, ఆరు మీటర్ల పైనే ఎత్తు. చలికాలంలో మధ్యాహ్నం రెండింటికే వంటింట్లో లైటు వేయాల్సి వస్తోంది. అమ్మ వచ్చినప్పుడు చల్లిన మెంతులు జానెడు కూడా ఎదగలేదు. పైన రెండు మీటర్లకు దించి, ఇటువైపు మీటరు లోపలికి కొట్టిస్తే సరిపోతుందా? ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.

లీడ్స్_అక్క
తమ్ముడూ, పక్కల జోలికి మాత్రం పోకు. మేం ఆ తప్పే చేశాం. నడవడానికి దారి లేదని ఒక వైపు లోపలికంటా కొట్టించాం. ఆరేళ్ళయింది, ఒక్క చిగురు రాలేదు. ఇప్పటికీ కిటికీ తీస్తే ఎండుపుల్లల గోడే.

నువ్వే ఒక కొమ్మ పక్కకు తప్పించి చూడు. పైన జానెడు మందాన పచ్చదనం, లోపలంతా గోధుమరంగు పుల్లలు, చెయ్యి తగిలితే పొడిపొడిగా రాలే ఆకు. ఆ పాత చెక్క మీద లేలాండీ మళ్ళీ చిగురించదు. యూ చెట్టయితే ఎంత కొట్టినా లేస్తుంది, ఇది లేవదు. ఎత్తు తగ్గించవచ్చు కానీ ఒకేసారి మూడో వంతుకు మించి వద్దు. ఆరు మీటర్లను రెండుకు దించితే చాలావరకు మోడులే మిగులుతాయి.

కీన్స్_రైతుబిడ్డ
అక్క చెప్పింది నిజం. మాంటెరే సైప్రస్, నూట్కా సైప్రస్ కలిసి పుట్టిన సంకరజాతి ఇది. 1888లో వేల్స్‌లోని లేటన్ హాల్ తోటలో పుట్టిందట. ఏడాదికి మీటరు దాకా పెరుగుతుంది. ఏటా కత్తిరించే ఓపిక ఉంటేనే ఉంచండి.

కొట్టే ముందు అది ఎవరి స్థలంలో ఉందో చూసుకోండి. మా పక్కింటి హెడ్జ్ గురించి నేను నేరుగా కౌన్సిల్‌కు రాశాను. ముందు వాళ్ళతో మాట్లాడి రమ్మని తిప్పి పంపారు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, రెండు మీటర్లు దాటి వెలుతురుకు అడ్డొచ్చే ఆకురాల్చని హెడ్జ్ మీద ఫిర్యాదు చేయవచ్చు. అయినా రెండు మీటర్ల కంటే కిందికి దించమని గానీ, మొత్తం తీసేయమని గానీ ఆదేశించే అధికారం కౌన్సిల్‌కు లేదు. చివరికి ఒక శనివారం వెళ్ళి వాళ్ళ తలుపు తట్టాను. పావుగంటలో ఖర్చు చెరి సగం అనుకున్నాం. ముందే వెళ్ళుంటే ఏడాది టెన్షన్ తప్పేది.

కార్డిఫ్_పిచ్చుక
దయచేసి గూళ్ళు చూడండి. ముఖ్యంగా మార్చి నుంచి ఆగస్టు దాకా. పిట్టలు వాడుతున్న గూడును కావాలని పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం.

స్లౌ_పెరడు
మేం పదకొండు చెట్లూ తీయించేశాం. ట్రీ సర్జన్‌ను (చెట్లు కొట్టే నిపుణుణ్ణి) పిలిచేటప్పుడు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఇతరులకు నష్టం జరిగితే కట్టే బీమా) కాగితం చూపించమనండి. మొద్దులకు మందు కొట్టక్కర్లేదు, నేలమట్టానికి కోస్తే లేలాండీ మళ్ళీ మొలవదు. అక్కడే కొత్త మొక్కలు పెట్టాలంటే మాత్రం మొద్దులను యంత్రంతో గ్రైండ్ చేయించుకోవడం మేలు. కింద మట్టి బూడిదలా పొడిగా ఉంటుంది. మేం కంపోస్ట్ బాగా కలిపి ఒక చలికాలం వదిలేశాం. ఇల్లు దగ్గరగా ఉండి నేల బంకమట్టి అయితే ముందు సర్వేయర్‌ను అడగండి. వేళ్ళు నీళ్ళు తాగడం ఆగాక నేల ఉబ్బి పునాదిని ఎత్తవచ్చు.

రెడింగ్‌వాసి
అందరికీ థాంక్స్. తీయించేశాం. మార్చిలో చూస్తే మూడో చెట్టులో అడవి పావురం గూడు కట్టుకుంటోంది, అందుకే సెప్టెంబర్ దాకా ఆగాం. వెనకింటి పెద్దాయనతో ముందే మాట్లాడాను. ఆయనకూ ఆ నీడ ఇబ్బందేనట. పని రెండు రోజుల్లో అయిపోయింది, ఇల్లంతా రెసిన్ వాసన. ఇప్పుడు సాయంత్రం ఎండ వంటింటి గట్టు దాకా వస్తోంది. నవంబర్‌లో హార్న్‌బీమ్ మొక్కలు నాటుతున్నాం. చెక్కపొట్టు రెండు పెద్ద సంచులు మిగిలింది. దగ్గర్లో ఎవరికైనా పెరటి దారులకు కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.