సీక్వెల్ రావాల్సిన పాత గేమ్‌లు: మీ ఓటు దేనికి, ఎందుకు?

జోన్స్_అభిమాని

ఐజీఐ అనే పాత షూటింగ్ గేమ్‌కి రావాల్సిన ఐజీఐ ఆరిజిన్స్ మీద ఆశ పూర్తిగా వదిలేసుకున్నాక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2019లో ప్రకటించారు. ఐజీఐ హీరో జోన్స్ కంటే ముందు కాలం, కోల్డ్ వార్ రోజుల కథ అన్నారు. ట్రైలర్ వచ్చింది, ఎదురుచూశాం, చివరికి 2023లో దాన్ని తయారుచేస్తున్న ఆంటీమ్యాటర్ గేమ్స్ స్టూడియోనే మూసేశారు.

కాబట్టి అడుగుతున్నాను: ఏ పాత గేమ్‌కి సీక్వెల్ రావాలి? ఒక్కటే షరతు. పేరు రాసేసి వెళ్లిపోవద్దు. కొత్తదాంట్లో ఏది ముట్టుకోకూడదో కూడా చెప్పాలి. గ్రాఫిక్స్ బాగుంటే చాలు అనుకునేవాళ్లకి యూట్యూబ్‌లో ఫ్యాన్ ట్రైలర్లు కావలసినన్ని ఉన్నాయి.

నాది ఐజీఐ అని వేరే చెప్పాలా? 2000లో వచ్చిన మొదటిది. దాన్ని చేసింది నార్వేలోని ఇన్నర్‌లూప్. వాళ్లు అంతకుముందు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అనే యుద్ధవిమానాల గేమ్ చేశారు, ఆ ఇంజిన్ మీదే ఐజీఐ కట్టారు. ఆ మైదానాలు అంత విశాలంగా ఉండటానికి కారణం అదే. కొండ మీద కూర్చుని బైనాక్యులర్‌తో బేస్ మొత్తం చూడొచ్చు. టవర్‌లో ఎవడున్నాడు, కెమెరా ఎటు తిరుగుతోంది, కంచె ఎక్కడ కత్తిరించొచ్చు, అన్నీ ముందే లెక్క వేసుకోవచ్చు. అప్పటి షూటింగ్ గేమ్‌లు చాలావరకు గది తర్వాత గది, తలుపు తర్వాత తలుపు. ఇక్కడ కాల్చడం కన్నా చూడటానికే ఎక్కువ సమయం పోయేది. ముట్టుకోకూడనిది అదే. మిషన్ మధ్యలో సేవ్ పెడతామంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

చివరి_బుల్లెట్

సేవ్ పెడితే అది ఐజీఐ ఎలా అవుతుంది బ్రో? 2003లో రెండో భాగంలో పెట్టారు కదా, మిషన్‌కి ఇన్ని అని లెక్కకట్టి. ఆడాను, బాగుంది, కానీ గోడ మలుపు తిరిగేటప్పుడు గుండె దడ లేదు. పోతే పోయింది, లోడ్ చేద్దాం అనిపిస్తుంది. మొదటి దాంట్లో హెల్త్ బార్ అడుగంటాక ఒక చిన్న షెడ్డు దాటడానికి ఎంత ఆలోచించేవాళ్లం! ఎక్కడో అలారం మోగిందంటే బ్యారక్స్‌లోంచి వస్తూనే ఉంటారు, ఎంతమందిని కొట్టినా అయిపోరు. ఆ టెన్షన్ అంతా సేవ్ లేనందువల్లే.

పాత_నెట్‌సెంటర్

తమ్ముళ్లూ, మీ ఇద్దరికీ ఒక వ్యాపార రహస్యం చెప్తాను. తెనాలిలో నాకు నెట్ సెంటర్ ఉండేది. గంట అయిపోయేసరికి ఐజీఐ ఆడే కుర్రాడు ఖచ్చితంగా మిషన్ మధ్యలోనే ఉండేవాడు. సేవ్ లేదు, లేచాడంటే మొత్తం పోయినట్టే. ‘అన్నా, ఇంకో అరగంట’ అనేవాడు. కౌంటర్ స్ట్రైక్ వాళ్లకి రౌండ్ అయిపోతుంది, రోడ్ ర్యాష్ వాళ్లకి రేస్ అయిపోతుంది, లేచి వెళ్లిపోతారు. ఐజీఐ వాడు లేవడు. అందుకని ఇన్నర్‌లూప్ వాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇంకొకటి గమనించాను. అది ఒక్కడే ఆడే గేమ్, కంప్యూటర్లు కలిపి ఆడుకునే ల్యాన్ లేదు. అయినా ఎప్పుడూ ఒక్కడు ఆడింది చూడలేదు. ఆడేవాడు ఒకడు, వెనక నిలబడి ‘రేయ్ ఎడమ పక్క టవర్ చూడరా’ అనేవాళ్లు నలుగురు. సీక్వెల్ ఎవరైనా చేస్తే ఆ నలుగురికీ ఏదైనా పని ఇవ్వండి. ఒకడు లోపలికి వెళ్తే మిగతావాళ్లు మ్యాప్ చూసి దారి చెప్పేలా. కథలో జోన్స్‌కి రేడియోలో దారి చెప్పే అన్య చేసే పని అదేగా.

జోన్స్_అభిమాని

అన్నా, ఇది అదిరింది. అన్య పాత్ర ఇంకొకరు ఆడటం! ఇలా ఎవరూ ఎందుకు చేయలేదో.

గొలుసు_దెబ్బ

నా ఓటు బైక్ రేసులో కొట్టుకునే రోడ్ ర్యాష్‌కి. 1991లో సెగా జెనెసిస్ అనే కన్సోల్ మీద మొదలైంది గానీ, మనవాళ్లలో ఎక్కువమంది ఆడింది 1996లో పీసీకి వచ్చినదే. ట్రాక్‌లు సిటీ, పెనిన్సులా, పసిఫిక్ కోస్ట్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ. కాలిఫోర్నియా భూగోళం నాకు తెలిసింది అంతే, ఇప్పటికీ అంతే. సౌండ్‌గార్డెన్ అనే బ్యాండ్ ఉందని తెలిసింది కూడా ఆ గేమ్‌తోనే.

దాని గొప్పతనమంతా పడిపోవడంలో ఉంది. వేరే రేసింగ్ గేమ్‌లో గుద్దుకుంటే స్క్రీన్ ఒకసారి మసకబారి బండి మళ్లీ రోడ్డు మధ్యలో ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ అలా కాదు. మనవాడు గాల్లోకి ఎగిరి, దొర్లి, లేచి, బైక్ ఎక్కడ పడిందో అక్కడిదాకా పరిగెత్తాలి. ఈలోగా మనం దాటొచ్చినవాళ్లంతా పక్కనుంచి జుయ్‌మని వెళ్లిపోతుంటారు. పోలీసు దగ్గర్లో పడ్డామా, అయిపోయింది, పట్టుకుని జరిమానా వేస్తాడు. మొదటి స్థానంలో ఉన్నవాడు కూడా చివరి మలుపులో నవ్వులపాలు కావచ్చు.

2017లో రోడ్ రిడెంప్షన్ వచ్చింది, అదే స్ఫూర్తితో చేసినది. బాగానే ఉంది, ఆడాను కూడా. కానీ తుపాకులు పెట్టారు. తుపాకీ ఉంటే పక్కబండి దగ్గరికి వెళ్లాల్సిన పనేముంది? పాత దాంట్లో కొట్టాలంటే హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలేంత దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్తే వాడూ కొడతాడు. వాడు గొలుసు ఊపే క్షణంలో దాన్నే లాక్కోవచ్చు. నేను ముట్టుకోవద్దనేది ఆ దూరాన్ని. పేరు ఈఏ కంపెనీ దగ్గరే ఉంది, 2000లో ప్లేస్టేషన్‌కి జైల్‌బ్రేక్ చేశాక దాన్ని దాదాపు అటకెక్కించేశారు.

లాంగ్_ఆన్

ఇంతసేపైనా క్రికెట్ 07 పేరు ఎవరూ ఎత్తలేదంటే నమ్మలేకపోతున్నాను.

మిడ్_వికెట్

ఎత్తుతాను గురూ, ఆగు, టైప్ చేస్తున్నా.

క్రికెట్ 07 వచ్చింది 2006 చివర్లో. తయారుచేసింది కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్. ఈఏ క్రికెట్ సిరీస్ దాంతోనే ఆగిపోయింది. తర్వాతి ఏడాది మనం టీ20 ప్రపంచకప్ గెలిచాం, 2008లో ఐపీఎల్ మొదలైంది. సరిగ్గా జనమంతా సంతకి వచ్చే వేళకి కొట్టు కట్టేసినట్టు! పూర్తి లైసెన్సు ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకే. మనవాళ్లవన్నీ అక్షరాలు మార్చిన పేర్లు. అయినా దేశమంతా అదే ఆడింది, ఎందుకంటే ప్యాచ్‌లు చేసేవాళ్లు దాన్ని చావనివ్వలేదు. పేర్లు సరిచేశారు, జెర్సీలు మార్చారు, స్టేడియంలు కట్టారు, ఐపీఎల్ మొత్తం అందులోకి తెచ్చారు. 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచాక హాస్టల్లో మా గదిలో ఇంకో జట్టు తీసుకునేవాడే లేడు. ఇద్దరూ చార్జర్స్ కావాలని కొట్టుకునేవారు. ఆ జట్టే ఇప్పుడు లేదు, ప్యాచ్ మాత్రం నా హార్డ్ డిస్క్‌లో ఉంది.

ముట్టుకోకూడనిది: సులువు. కీబోర్డు ఒకటి ఉంటే చాలు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఐదు ఓవర్ల మ్యాచ్ టిఫిన్ చేసేలోపు ముగించొచ్చు. రిచీ బెనో గొంతు ఇప్పుడు తేలేం, ఆయన లేరు. మిగతాది తేవచ్చు.

డాలస్_దావీదు

బిగ్ యాంట్ స్టూడియో వాళ్లు డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 నుంచి క్రికెట్ గేమ్‌లు చేస్తూనే ఉన్నారు కదండీ. మళ్లీ 07కి సీక్వెల్ ఎందుకు?

మిడ్_వికెట్

అవి వేరే రకం అండీ. బంతి పడే చోటు చూడాలి, పాదం ఎటు, షాట్ ఎటు, టైమింగ్ ఎంత, అన్నీ విడివిడిగా చూసుకోవాలి. నిజమైన క్రికెట్‌కి అదే దగ్గర, ఒప్పుకుంటాను. కానీ ఇంటికొచ్చిన బావమరిది చేతికి ఇచ్చి ‘పట్టు, ఆడు’ అనలేం. 07ని అలా ఇవ్వొచ్చు.

పిక్సెల్_కూలీ

హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ పనిచేస్తాను, ఎక్కువగా బయటి దేశాల స్టూడియోల గేమ్‌లకి. ఇలాంటి చర్చల్లో అందరూ ‘ఇంత డిమాండ్ ఉంటే ఎందుకు చేయరు’ అంటారు కాబట్టి కొంచెం లోపలి సంగతి.

గేమ్ చేసినవాళ్లు, దాని పేరు సొంతమైనవాళ్లు చాలాసార్లు ఒకరు కారు. ఇన్నర్‌లూప్ 2003లోనే మూతపడింది. అప్పటి ప్రోగ్రామర్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, పేరు మాత్రం చేతులు మారుతూ వచ్చింది. కాబట్టి ఆరిజిన్స్ వచ్చినా అది అదే పేరుతో కొత్తవాళ్లు మొదటినుంచి చేసిన గేమే అయ్యేది. రోడ్ ర్యాష్‌లో పాటలున్నాయి, పాత గేమ్‌నే మళ్లీ అమ్మాలన్నా వాటి హక్కులు మళ్లీ చూసుకోవాలి. క్రికెట్ అయితే మరీ కష్టం. ఒక్కో దేశం బోర్డుతో ఒక్కో ఒప్పందం, లీగ్‌లతో వేరే. 07లో పేర్లు అలా వంకరగా ఉన్నాయంటే కారణం అదేగా.

ఇక పేరు, డబ్బు రెండూ ఉన్నా కుదరకపోవచ్చు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్‌ని 2020లో యుబిసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలు చేస్తున్నాయని ప్రకటించినప్పుడు మా ఆఫీసులో పండగే. మన దేశంలో అంత పెద్ద పేరున్న గేమ్ పని! ట్రైలర్ రాగానే గ్రాఫిక్స్ బాలేవని నెట్ అంతా ఏకేసింది. వాయిదాల మీద వాయిదాలు పడి 2022లో పని మాంట్రియల్‌కి వెళ్లిపోయింది. ఆ వారం ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. పాత గేమ్‌ని మీరు మనసులో ఎలా గుర్తుపెట్టుకున్నారో దానితో పోటీపడటం చాలా కష్టం అండీ, అసలు గేమ్ కన్నా అది ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

గొలుసు_దెబ్బ

ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ తుపాకులు మాత్రం వద్దు.

గ్రీన్_బెరెట్

పిక్సెల్ గారు చెప్పింది నిజమే, కానీ బాగుపడిన కథ కూడా ఒకటుంది. కమాండోస్. 1998లో మాడ్రిడ్‌లోని పైరో స్టూడియోస్ చేసింది. 20 మిషన్లు, ఒక్కోటి పెద్ద చిక్కుముడి. శత్రువు చూపు ఎంతవరకు పారుతుందో ఆకుపచ్చ త్రికోణంలా కనిపిస్తుంది, దాని అంచుల మీద మన బతుకు. 2006లో స్ట్రైక్ ఫోర్స్ అని దాన్ని మామూలు షూటింగ్ గేమ్‌గా మార్చేశారు, సిరీస్ అక్కడ ఆగింది. తర్వాత కాలిప్సో అనే కంపెనీ ఆ పేరు కొని, 2025లో కమాండోస్ ఆరిజిన్స్ తెచ్చింది. పైనుంచి చూసే అదే పద్ధతి, అదే ఓపిక.

నేను చెప్పదలచుకున్నది ఈ రెంటి మధ్య ఖాళీ గురించి. ఆ పేరు నిద్రపోతున్నప్పుడు జర్మనీలో మిమిమి అనే చిన్న స్టూడియో 2016లో షాడో టాక్టిక్స్ చేసింది, 2020లో డెస్పెరాడోస్ 3 చేసింది. ఒకటి జపాన్ నింజాలు, ఇంకోటి కౌబాయ్‌లు. ఆడి చూడండి, కమాండోస్ ప్రాణం అందులోనే ఉంది. ఆ స్టూడియో కూడా 2023లో మూతపడింది, అది వేరే బాధ. మనం పేరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అసలు సీక్వెల్ వేరే వేషంలో వచ్చి వెళ్లిపోతుంది. ఐజీఐ బ్రోకి కూడా ఇదే నా సలహా. పేరు సంగతి వదిలేసి, దూరం నుంచి చూసి లోపలికి దూరే గేమ్ ఏదో వెతుక్కోండి.

జోన్స్_అభిమాని

వెతుక్కున్నాను అన్నా, ఉన్నాయి. కానీ జోన్స్ లేడు. పేరుకి కూడా విలువ ఉంటుంది. మా తమ్ముడికి ‘ఐజీఐ 3 వచ్చింది’ అని మెసేజ్ పెడితే రాత్రికి రాత్రే బెంగళూరు నుంచి వీడియో కాల్ చేస్తాడు. ‘మంచి స్టెల్త్ గేమ్ ఒకటుంది’ అంటే వారాంతంలో చూస్తానంటాడు.

తొమ్మిది_రత్నాలు

ఇక్కడ అమ్మాయిలెవరూ లేనట్టున్నారు, నేనే మొదలుపెడతాను. నాది క్లా. 1997, మోనోలిత్ స్టూడియో. పైరేట్ పిల్లి, 14 లెవల్స్, తొమ్మిది రత్నాలు కలిపితే తొమ్మిది ప్రాణాలు. లా రోకా జైల్లోంచి తప్పించుకోవడంతో మొదలవుతుంది. మధ్యమధ్యలో వచ్చే కార్టూన్ వీడియోల కోసమే లెవల్ పూర్తిచేసేదాన్ని. అన్నయ్య వాళ్లది తుపాకుల గోల, కంప్యూటర్ నాకు దొరికేది మధ్యాహ్నం వాళ్లు క్రికెట్‌కి వెళ్లాకే.

చూడ్డానికి పిల్లల గేమ్, ఆడితే నరకం. ప్రతి జెండా దగ్గరా సేవ్ అవదు, కొన్నింటి దగ్గరే. ప్లాట్‌ఫామ్ మీద కాలు ఒక్క ఇంచు తప్పినా ముళ్లలోకే. దీనికి సీక్వెల్ వస్తే దయచేసి 3డీ చేయకండి. చేత్తో గీసిన ఆ బొమ్మలే దాని అందం. మోనోలిత్‌ని 2025 ఫిబ్రవరిలో వార్నర్ బ్రదర్స్ మూసేసింది కాబట్టి పాతవాళ్లు చేస్తారన్న ఆశ లేదు. అభిమానులు మాత్రం ఇప్పటికీ సొంత లెవల్స్ తయారుచేసి పెడుతున్నారు. కొన్ని అసలు గేమ్ కన్నా కష్టం.

లాంగ్_ఆన్

అక్కా, విండోస్ 11లో నడుస్తుందా అది?

తొమ్మిది_రత్నాలు

నాకు నడుస్తోంది. రంగులు తేడా వచ్చినా, స్క్రీన్ నల్లగా అయినా డీజీవూడూ అనే చిన్న ప్రోగ్రామ్ దొరుకుతుంది, దాని ఫైళ్లు గేమ్ ఫోల్డర్‌లో వేసి చూడు. ఇంకా సందేహాలుంటే ది క్లా రెక్లూజ్ అనే అభిమానుల సైట్‌లో అడుగు, ఓపిగ్గా చెప్తారు.

పాత_నెట్‌సెంటర్

అమ్మా, ఈ పిల్లి గేమ్ మా సెంటర్లో కూడా ఉండేది. ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు బాధేస్తోంది.

మౌస్_క్లిక్

వర్చువా కాప్ 2ని అందరూ మర్చిపోయారా? మౌస్‌తో గురి, క్లిక్‌తో కాల్పు, ఇంకేం నేర్చుకోనక్కర్లేదు. మనిషి చుట్టూ రింగు ఎర్రబడేలోపు కొట్టాలి. చేతికి తగిలేలా కొట్టి తుపాకీ పడగొడితే ఎక్కువ పాయింట్లు. మా నాన్నగారు జీవితంలో ఆడిన ఒకే ఒక్క గేమ్ అది, అమాయకుల్ని కూడా కాల్చేసేవారు. సీక్వెల్ రావాలి, మౌస్ తప్ప ఇంకేదీ అక్కర్లేకుండా రావాలి.

జోన్స్_అభిమాని

లెక్కలోకి రాదు బ్రో. వర్చువా కాప్ 3 ఉంది, 2003లోనే వచ్చింది.

మౌస్_క్లిక్

ఆర్కేడ్ మెషిన్లకి మాత్రమే వచ్చింది. ఇంటి దాకా రాలేదు. అమీర్‌పేటలో పీసీ ముందు కూర్చున్నవాడికి జపాన్ ఆర్కేడ్‌లో ఉన్న గేమ్ సీక్వెల్ ఎలా అవుతుంది? నా ఓటు అలాగే ఉంచండి.