‘ఇబ్బంది’ అంటే సరిపోతుందా? మొహమాటం, సిగ్గు, బిడియం, ఎబ్బెట్టు ఒకటేనా?

తొలకరి:
ఒక కథ అనువదిస్తున్నాను. ఇద్దరు పాత స్నేహితులు చాలా ఏళ్లకు ఎదురుపడి, కాసేపు మాట్లాడుకుని, ఇక వెళ్తానంటే వెళ్తానని చెప్పుకుంటారు. తీరా చూస్తే ఇద్దరూ వెళ్లాల్సింది ఒకే వైపు. వీడ్కోలు అయిపోయింది, మాటలూ అయిపోయాయి, పక్కపక్కనే నడుస్తున్నారు. ఇంగ్లీషులో ఆక్వర్డ్ అని ఉంది. నేను ‘వాళ్ల మధ్య ఇబ్బందికరమైన మౌనం’ అని రాశాను. మళ్లీ చదివితే ఏదో తేడాగా ఉంది. మొహమాటం అనాలా, సిగ్గు అనాలా, బిడియమా? అన్నీ ఒకటేనని ఇంట్లో వాదన.

చిగురు:
నా మటుకు నాకు ఒకటేనండి. మాట్లాడేటప్పుడు ఎవరూ తూకం వేసి వాడరు. ‘అడగడానికి సిగ్గేసింది’ అంటాం, ‘అడగడానికి మొహమాటపడ్డాను’ అంటాం. వినేవాళ్లకి రెండూ ఒకేలా అర్థమవుతాయి. ఇబ్బంది అంటే అన్నీ కలిసొస్తాయి. అదే ఉంచెయ్యండి.

పదనిస:
చిగురు గారూ, ఒప్పుకోలేను. ఒక్కో మాట పక్కన ‘లేకుండా’ పెట్టి చూడండి. ‘మొహమాటం లేకుండా అడగండి’ అంటే చనువిచ్చి పిలవడం. ‘సిగ్గు లేకుండా అడిగాడు’ అంటే తిట్టు. ‘జంకు లేకుండా అడిగింది’ అంటే మెచ్చుకోలు. ఒకటే అయితే మూడింటికీ ఒకే అర్థం రావాలి కదా!

మొహమాటానికి ఎదుటి మనిషి ఉండాలి. అప్పిచ్చిన డబ్బు తిరిగి అడగలేకపోవడం మొహమాటం. డబ్బు మనదే, మన తప్పు ఏమీ లేదు, అయినా ఆ మనిషి మొహం చూస్తే నోరు రాదు. సిగ్గుకి ఎవరూ అక్కర్లేదు. ఎప్పుడో అనేసిన మాట అర్ధరాత్రి గుర్తొచ్చి, చీకట్లో ఒక్కరమే ఉన్నా చెవులు వేడెక్కుతాయి. బిడియం స్వభావానికి సంబంధించింది. తలుపు దాకా వచ్చి, లోపల మాటలు వినపడగానే గడప దగ్గరే ఆగిపోయే పిల్లని చూడండి, తెలుస్తుంది. నామోషీ హోదాకి సంబంధించింది, దాని సంగతి ఇక్కడ వద్దు.

ఇక ఇబ్బంది అంటే ఒట్టి అడ్డంకి. ఊపిరి తీసుకోవడానికీ ఇబ్బందే, డబ్బుకీ ఇబ్బందే. అంత వెడల్పాటి మాటని ఆ ఇద్దరు స్నేహితుల మీద కప్పితే లోపల ఏముందో ఎలా కనపడుతుంది?

చిగురు:
‘లేకుండా’ సంగతి బాగుంది, కాదనను. కానీ సిగ్గునే తీసుకోండి. ‘సిగ్గుపడుతూ నవ్వింది’ అన్నచోట తప్పు ఊసే లేదు. ‘సిగ్గుతో తలదించుకున్నాడు’ అన్నచోట ఉంది. ఒక్క మాటలోనే రెండు భావాలు సర్దుకుని ఉంటే, మాటకీ మాటకీ మధ్య గోడలెందుకు? అర్థం తేల్చేది వాక్యమే.

వెన్నెలదారి:
ఇంగ్లీషు మాటల పుట్టుక చూస్తే కొంత దారి దొరుకుతుంది. ఎంబరాస్ అన్నది ఫ్రెంచి నుంచి వచ్చింది, మూలంలో దానికి అడ్డుపడటమనే అర్థం. మన ఇబ్బందికి అది దగ్గరి చుట్టం. ఆక్వర్డ్ వేరు. ఒకప్పటి స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో తిరగబడిన, వెనక్కి మళ్లిన అనే అర్థమున్న మాట దానికి మొదలు. ఆ స్నేహితులకి ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ తప్పు చేయలేదు. పొందిక తప్పింది, అంతే. పొందిక తప్పిన దానికి మనకు ‘ఎబ్బెట్టు’ ఉంది.

అయితే ఒక చిక్కు. ఎబ్బెట్టు ఎక్కువగా బయటినుంచి చూసేవాళ్ల మాట. అందులో చిక్కుకున్నవాళ్లు ‘ఎబ్బెట్టుగా ఉంది’ అనుకోరు, ‘అదోలా ఉంది’ అనుకుంటారు. పేరు పెట్టలేని దాన్ని పేరు పెట్టలేనట్టే చెప్పే మాట అది. నాకు చాలా ఇష్టం.

పదనిస:
అదోలా! ఇది నాకు తట్టనే లేదు. ఇంకొకటి చెప్తాను. భరతుడి నాట్యశాస్త్రంలో 33 సంచారీ భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, వ్రీడ ఒకటి, అంటే సిగ్గు. దాన్ని ఎలా నటించాలో కూడా చెప్పాడు: తలదించుకోవడం, నేల మీద గీతలు గీయడం, బట్టనీ ఉంగరాన్నీ తడమడం, గోళ్లు కొరకడం. తలదించుకోవడం తప్ప అన్నిట్లోనూ చేతులున్నాయి. తొలకరి గారూ, మీ కథలోనూ భావానికి పేరు పెట్టకుండా చేతుల్ని చూపించి చూడండి.

తొలకరి:
మార్చి రాశాను: ‘వెళ్తానని చెప్పుకున్నాక ఇద్దరూ ఒకే వైపు తిరిగారు. ఇంకేం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. అతను సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.’ ఇబ్బందీ లేదు, మౌనమూ లేదు. రెండు పేజీల తర్వాత మాత్రం ఒక కుర్రాణ్ణి ఆక్వర్డ్ అన్నారు. అక్కడ బిడియస్తుడు అని పెట్టాను.

చిగురు:
అక్కడ మాత్రం నేను ఊరుకోను. ఆ కుర్రాడు మనుషుల్ని చూసి వెనక్కి తగ్గుతున్నాడా, లేక అందరి మధ్యకీ వచ్చి గ్లాసులు తన్నేస్తున్నాడా? రెండోదైతే బిడియం కాదు. ముందు ఆ పేరా ఇక్కడ పెట్టండి.