ప్రసారం కాదా, కాబోదా?

ఊరపిచ్చుక: అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరన్ కవిత 'ద రెవల్యూషన్ విల్ నాట్ బి టెలివైజ్డ్'కి ఎవరో చేసిన తెలుగు కాలేజీ రోజుల్లో నోటుబుక్కులో రాసుకున్నాను. పుస్తకం పోయింది. "విప్లవం ప్రసారం కా..." దాకా నోట్లో ఆడుతోంది. ఆ పైన 'దు'నా, 'బోదు'నా? నిన్నట్నుంచీ ఇదే నస.

ఐదుమాత్రలు: కాబోదు. మాత్రలు లెక్కేసుకోండి, లఘువుకి ఒకటి, గురువుకి రెండు. విప్లవం ఐదు, ప్రసారం ఐదు, కాబోదు ఐదు. నికార్సైన ఖండగతి, ఐదేసి మాత్రల నడక. 'కాదు' అంటే మూడు మాత్రలకే కాలు జారుతుంది.

గుమ్మెట: జారనివ్వండి. 1970 రికార్డులో ఉన్నది కాంగా, బోంగో వాయింపు, ఆయన గొంతు, అంతే. 1971లో మళ్ళీ రికార్డు చేసినప్పుడు రాన్ కార్టర్ బేస్, పర్డీ డ్రమ్స్, హ్యూబర్ట్ లాస్ ఫ్లూటు చేరాయి. రెంటిలోనూ మాట తాళం మీద బుద్ధిగా కూర్చోదు, కాస్త ముందో వెనకో దూకుతుంది. అదే దాని రుచి.

ద్రుతం: మాత్రలు సరే, అర్థం? 'ప్రసారం కాదు' అంటే ప్రసారమవదు అని ఒకటి. విప్లవమంటే ప్రసారం కానే కాదు అని ఇంకోటి. మొదటి మార్పు మనిషి బుర్రలో జరుగుతుంది, దాన్ని కెమెరా పట్టలేదని తర్వాత హెరనే చెప్పాడు. ఈ రెండో అర్థం తెలుగు ఊరికే ఇచ్చింది. 'బోదు' పెడితే పోతుంది.

ఐదుమాత్రలు: ఊరికే వచ్చినదాన్ని అనువాదం అనరండీ. మూలంలో ఉన్నది భవిష్యత్తు.

మరచెంబు: నేనైతే "టీవీలో రాదు" అంటా. మా అమ్మమ్మకీ తెలుస్తుంది. "టీవీకి విప్లవం రాదు" అని తిప్పితే ఇంకా కులాసా, నాకు ఈత రాదు అన్నట్టు.

గుమ్మెట: అసలు దీని తాత అమెరికన్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్. 1958లోనే జాజ్ విద్వాంసుడు మింగస్ వాయిస్తుంటే కవితలు చదివి రికార్డు తెచ్చాడు. హ్యూస్ చదివిన చోటని హెరన్ లింకన్ యూనివర్సిటీలో చేరాడు. మన శ్రీశ్రీకి అలాంటి బ్యాండ్ ఒకటి దొరికుంటేనా!

ఐదుమాత్రలు: శ్రీశ్రీకి బ్యాండెందుకు? మరోప్ర-పంచం, నాలుగూ నాలుగు. పదండి-ముందుకు, నాలుగూ నాలుగు. లెక్క లేకుండా కవాతు నడవదు.

గుమ్మెట: మరి మీ ఐదుతో కవాతు ఎలా చేస్తారు, ఒంటికాలి మీదా?

ద్రుతం: చివరి పాదం ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ విప్లవం 'లైవ్' అంటాడు. మనకి లైవ్ అంటే ప్రత్యక్ష ప్రసారం. అందులోంచి ప్రసారాన్ని పీకేస్తే? ప్రసారం కాదు, ప్రత్యక్షం! ఇక్కడ 'కాబోదు' అతికించి చూడండి.

ఐదుమాత్రలు: ప్రత్యక్షం ఆరు మాత్రలు.

ఊరపిచ్చుక: అన్నీ చదివాను. నేను రాసుకున్నది 'ప్రసారం' అనేనా, 'టీవీలో' అనా అని ఇప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది.

ఐదుమాత్రలు: 'టీవీలో' కూడా ఆరే. అయ్యుండదు.