‘ఇకిరు’ని ఇంగ్లండ్‌కి తీసుకెళ్తే ఏమైంది? రెండూ చూసినవాళ్లు చెప్పండి

రెండోఆట:
పోయిన శనివారం జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘ఇకిరు’ (1952) చూశాను, మర్నాడే దాన్ని ఇంగ్లండ్‌లో మళ్లీ తీసిన ‘లివింగ్’ (2022) చూశాను. కథ ఒకటే. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య కూర్చున్న ఒక సెక్షన్ హెడ్డుకి కడుపులో కేన్సర్ అని తెలుస్తుంది, ఆర్నెల్లకి మించి బతకడు, ఆ కొద్ది టైములో ఎన్నాళ్లుగానో పక్కన పడేసిన ఒక అర్జీని పట్టుకుని పిల్లలు ఆడుకునే చిన్న పార్కు కట్టించి పోతాడు. రెండోది చూస్తున్నంతసేపూ ఇది ఎక్కడినుంచో తెచ్చిన కథ అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. స్క్రిప్ట్ రాసిన కజువో ఇషిగురో నాగసాకిలో పుట్టి ఐదేళ్లకే ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, రెండు ఇళ్లూ తెలిసినవాడు కాబట్టి కుదిరిందా? ఇంకోటి, కాలాన్ని కదపలేదు, ఊరు మాత్రమే మార్చారు. టోక్యో బదులు 1953 లండన్. రెండూ యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్లే. అక్కడ ఆడవాళ్లు మురుగు గుంట పూడ్చమని తిరిగితే, ఇక్కడ బాంబు పడి పాడైన స్థలాన్ని పిల్లలకి ఇమ్మని తిరుగుతారు. మీకేం అనిపించిందో రాయండి. ఇంట్లో జరిగినవి గుర్తొస్తే అవీ రాయండి.

వార్డు నంబర్ నాలుగు:
నేను కేన్సర్ వార్డులో నర్సుగా పదకొండేళ్లు చేశాను, కాబట్టి నా కన్ను డాక్టరు సీను మీదే ఉంది. జపాన్ సినిమాలో డాక్టరు నిజం చెప్పడు. చిన్న అల్సర్ అంటాడు, ఇష్టమైనవి తినొచ్చంటాడు. బయట బెంచీ మీద ఇంకో పేషెంటు ముందే చెప్పేసి ఉంటాడు, డాక్టరు ఇలాగ అన్నాడంటే నీకు కేన్సరని. సరిగ్గా ఆ మాటలే డాక్టరు నోట్లోంచి వస్తుంటే ఆ పెద్దాయన మొహం చూడలేకపోయాను. లండన్ డాక్టరు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేస్తాడు, విన్నాయన ఒక్క మాటతో సరిపెట్టి లేచి వస్తాడు. అక్కడ నిజాన్ని దాచేది డాక్టరు, ఇక్కడ తన బాధని దాచుకునేది పేషెంటే. రీమేక్ అంటే నాకు ఈ ఒక్క మార్పు చాలు. మా వార్డులో ఎప్పుడూ మొదటిదే. పేషెంటుని బయట కూర్చోబెట్టి కొడుకు లోపలికొచ్చి, ‘మేడమ్, నాన్నగారికి చెప్పకండి, అల్సర్ అనండి’ అంటాడు. సరిగ్గా అదే మాట, అల్సర్. టోక్యోలో డెబ్భై ఏళ్ల కిందటి మాట మా వార్డులో వినపడుతుంటే ఆ సినిమా నాకు పరాయిదిగా ఎలా ఉంటుంది చెప్పండి.

పాత రికార్డు రూమ్:
నేను ఒప్పుకోను రెండోఆట గారూ. లివింగ్ బావుంది, బిల్ నై గొప్పగా చేశాడు, ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అంతా నిజమే. కానీ 143 నిమిషాల సినిమాని 102 నిమిషాలకి తెచ్చారు, పోయింది ఎక్కడో చూడండి. ఇకిరులో ఆయన చనిపోయాక ఇంకా చాలాసేపు కథ నడుస్తుంది. ఆఫీసు వాళ్లందరూ ఆయన ఫొటో ముందు వరసగా కూర్చుని తాగుతూ పార్కు ఎవరు కట్టించారని వాదించుకుంటారు. డిప్యూటీ మేయర్ ఆ పేరు తన ఖాతాలో వేసుకుని లేచి వెళ్లిపోతాడు. ఆయన వెళ్లాకే, మందు ఎక్కే కొద్దీ, ఒక్కొక్కరి నోటి వెంట నిజం బయటికొస్తుంది. చావింట్లో అందరూ కలిసి కూర్చుని తాగే ఆచారం ఉంది కాబట్టే ఆ సీను పుట్టింది. ఇంగ్లండ్‌లో ఆ మాటలు రైలు పెట్టెలో నలుగురు సూట్లు వేసుకుని మాట్లాడుకునేసరికి కోపం సగం చల్లారిపోయింది. ఆయన్ని బెదిరించే రౌడీలనీ తీసేశారు.

నేను మునిసిపాలిటీలో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఒక కాలనీ వాళ్లు డ్రైను కోసం మొదటిసారి వచ్చినప్పుడు ఇంజనీరింగ్‌కి పంపాను, వాళ్లు హెల్త్ సెక్షన్‌కి, వాళ్లు టౌన్ ప్లానింగ్‌కి, తిరిగి తిరిగి నా టేబుల్ దగ్గరికే వచ్చారు. సినిమా మొదట్లో ఆడవాళ్లు తిరిగేది అచ్చంగా అదే. ఆ డ్రైను నేనున్నన్నాళ్లూ పడలేదు. ఇప్పటికీ ఆ వీధి మీదుగా వెళ్లను.

లీడ్స్ నుంచి:
గుమాస్తా గారూ, ఆ చల్లారడమే ఇంగ్లండ్ అండీ. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకాయన రిటైరైతే కార్డు మీద అందరం సంతకాలు పెట్టాం, కేక్ తిన్నాం, ఒక్కరూ గొంతు పెంచి ఏమీ అనలేదు. ఆయన వెళ్లాక కార్ పార్కులో ఇద్దరు ఏడవడం నేను చూశాను. ఆ రైలు పెట్టెలో నాకు వాళ్లే కనిపించారు.

టోపీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? రెండింట్లోనూ ఆయన టోపీ పోయి కొత్తది వస్తుంది. జపాన్‌లో అది ‘ఈయనకేమైంది’ అని ఆఫీసు ఆశ్చర్యపోయేంత వరకే. లండన్‌లో బౌలర్ టోపీ అంటే హోదా, రోజూ ప్లాట్‌ఫామ్ మీద అందరికీ అదే టోపీ. అది పోయి మామూలు మెత్తటి టోపీ వచ్చిందంటే మనిషి వరసలోంచి బయటికొచ్చేశాడని అర్థం. ఇక్కడ రీమేక్‌లోనే ఎక్కువ పండింది.

వెన్నెల కెరటం:
మన దగ్గరా ఒకటి బాగా చేశారు. ‘ఊపిరి’ (2016). దానికి మూలం 2011లో వచ్చిన ఫ్రెంచి సినిమా, అందులో కుర్రాడు ఇంటర్వ్యూకి వచ్చేది ఉద్యోగం కోసం కాదు, ఉద్యోగం వెతికానని సంతకం పెట్టించుకుంటే ప్రభుత్వం ఇచ్చే భత్యం ఆగదని. మన ప్రేక్షకుడికి ఆ సంతకం సంగతి అసలు ఎక్కదు. అందుకని వాణ్ణి పెరోల్ మీద వచ్చినవాణ్ణి చేశారు, మంచిగా ఉంటున్నానని చూపించుకోవాల్సిన అవసరం పెట్టారు. ఇలాంటివే నాకు ముఖ్యం. పేర్లు, బట్టలు ఎవరైనా మారుస్తారు.

ఉత్తరపు గాలి:
అటు నుంచి ఇటు కూడా జరిగింది. అమెరికాలో ఈస్ట్‌వుడ్ తీసిన ‘అన్‌ఫర్గివెన్’ (1992)ని జపాన్ వాళ్లు 2013లో మళ్లీ తీశారు. తుపాకీ వదిలేసిన ముసలాయన బదులు ఓడిపోయిన షోగున్ పక్షాన కత్తి పట్టినవాడు, అమెరికా పడమటి నేలల బదులు పందొమ్మిదో శతాబ్దం చివర, మెయిజీ చక్రవర్తి కాలపు హొక్కైడో, జపాన్ ఉత్తరపు దీవి. చనిపోయిన భార్య ఐను జాతి మనిషి, అంటే ఆ దీవిలో ముందునుంచీ ఉన్న ఆదివాసులు. ఆ నేల అసలు ఎవరిదన్న ప్రశ్న దానంతటదే కథలోకి వచ్చేసింది.

పాత రికార్డు రూమ్:
ఇకిరు తెలుగులో తీస్తే ఆ తాగే సీను పెదకర్మ భోజనాల దగ్గర పెట్టాలి. బంతిలో కూర్చున్న ఆఫీసు వాళ్లు, వడ్డిస్తున్న కోడలు వింటూ ఉంటుంది. మంచులో ఉయ్యాల మీద కూర్చుని పాడే పాట బదులు ఏదైనా తత్వం.

వార్డు నంబర్ నాలుగు:
భోజనాలు సరే అంకుల్, తత్వం మాత్రం వద్దు. జపాన్‌లో ఆయన పాడేది 1915 నాటి ప్రేమ పాట. జీవితం చిన్నది, పెదవుల ఎరుపు వాడిపోకముందే ప్రేమించమని వయసులో ఉన్న ఆడపిల్లలకి చెప్పే పాట చావుకి దగ్గరైన మనిషి గొంతులో వస్తుంది, అందుకే కడుపులో దేవేస్తుంది. ఇంగ్లండ్‌లో దాన్ని ‘ద రోవన్ ట్రీ’ అనే స్కాట్లండ్ పాట చేశారు, చిన్ననాటి ఇల్లు, అమ్మ గుర్తొచ్చే పాట. అదీ చావు గురించి కాదు. తత్వం పెడితే చెప్పాల్సింది పాటే చెప్పేస్తుంది, ఇక ఆయనకి మిగిలేదేముంది? రేడియోలో పెళ్లికి ముందు విన్న ఏ ప్రేమ పాటో ఉండాలి, అదీ సగం చరణం మర్చిపోయి.

పాత రికార్డు రూమ్:
నిజమేనమ్మా. నాకు తట్టలేదు.

రెండోఆట:
అందరికీ థాంక్స్. మొదటి పోస్టులో రాయలేదు, ఇప్పుడు రాస్తాను. మా నాన్నకి మేమూ చెప్పలేదు, గ్యాస్ట్రిక్ అన్నాం. ఒకరోజు ఆయన పాస్‌బుక్కులు, ఇంటి కాగితాలు, ఇన్సూరెన్స్ బాండ్లు ఒక సంచిలో సర్ది అమ్మ చేతికిచ్చారు. ఎందుకని ఇంట్లో ఎవరం అడగలేదు. ఇకిరులో పై గదిలోంచి కొడుకు పిలిస్తే ఆ తండ్రి ఆశగా మెట్లెక్కుతాడు కదా, కొడుకు తలుపు వేసెయ్యమని చెప్పడానికే పిలిచాడు. నిన్న అమ్మకి ఒక్కో డైలాగూ తెలుగులో చెప్తూ సినిమా పెట్టాను. ఆ సీను దాకా వచ్చాక ఆపెయ్యమంది. మిగతాది ఆదివారం చూద్దాంలే అని లేచి వెళ్లి తలుపు గడియ వేసొచ్చింది.