అంగన్‌వాడీ సరుకుల టెండర్‌లో కోటి టర్నోవర్ షరతు: గ్రామ సంఘం ఏం చేయొచ్చు?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
అందరికీ నమస్కారం. మాది మహిళల గ్రామ సంఘం, మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టర్ అయింది. వడ్ల కొనుగోలు సెంటర్ నడిపాం. ఇప్పుడు అంగన్‌వాడీలకు సరుకుల టెండర్ పడింది. మూడేళ్లుగా ఏటా కోటి రూపాయల టర్నోవర్ ఉండాలట, జిల్లా మొత్తానికీ ఒక్కరే సరఫరా చేయాలట. ఆఫీసులో అడిగితే రూల్ అంతే అన్నారు. సంఘంలో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఈ షరతు గురించి మేం అడగొచ్చా?

జవాబు (నల్లగొండ, వకీలు):
అడగొచ్చు అక్కా. అయితే బిడ్ల గడువు ముగియకముందే అడగాలి. టెండర్ కాగితాల్లో ప్రీబిడ్ మీటింగ్ (బిడ్లు వేయకముందు సందేహాలు అడిగే సమావేశం) తేదీ, సందేహాలు పంపడానికి చివరి తేదీ ఉన్నాయేమో చూడండి. ఆలోపు లెటర్ ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. నోటితో అడిగినదానికి రికార్డు ఉండదు. అప్పుడు ఏమీ అనకుండా బిడ్ వేసి, పని రాలేదని తర్వాత కోర్టుకు పోతే, ముందే ఎందుకు అభ్యంతరం చెప్పలేదని జడ్జి అడుగుతారు. మంచి కేసులు ఇక్కడే పాడవుతున్నాయి, చూస్తే బాధగా ఉంటుంది.

లెటర్‌లో రెండు విషయాలు తప్పకుండా రాయండి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబర్ 7న ఉత్తర్వు ఇచ్చింది. అంగన్‌వాడీలకు పోషకాహారం సరఫరాలో కాంట్రాక్టర్లను పెట్టొద్దని, ధాన్యం కొనడం, వండటం వీలైనంతవరకు గ్రామస్థులు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారా జరగాలని అందులో ఉంది. రెండోది 2019 ఫిబ్రవరి నాటి తీర్పు. మహారాష్ట్రలో ఇలాంటి టెండర్ షరతుల వల్ల చిన్న మహిళా సంఘాలు పోటీలోనే లేకుండా పోయాయని, సుప్రీంకోర్టు ఆ టెండర్‌ను కొట్టేసింది.

అలాగని టర్నోవర్ అడగడమే తప్పని వాదించకండి. టెండర్ షరతులు పెట్టే అధికారం ఆఫీసుకు ఉంటుంది. అవి ఏకపక్షంగా ఉన్నాయా, పద్ధతి న్యాయంగా ఉందా అన్నదే కోర్టు చూస్తుంది. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన టాటా సెల్యులార్ తీర్పు నుంచీ ఇదే దారి. అందుకే "మాకే ఇవ్వండి" అని రాయకుండా, జిల్లా మొత్తాన్ని మండలాలుగా విడగొట్టమని, టర్నోవర్ ఆ చిన్న భాగం విలువకు తగ్గట్టు పెట్టమని అడగండి. ఇది ఆఫీసుకు ఒప్పుకోవడానికి వీలైన కోరిక.

ఆర్‌టీఐ వేయమని కొందరు సలహా ఇస్తారు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, అప్పటికి టెండర్ ఖరారైపోవచ్చు. వేయండి, కానీ దాన్ని నమ్ముకుని లెటర్ ఆపొద్దు.

మహబూబ్‌నగర్ నుంచి (సరుకులు సరఫరా చేసిన అనుభవంతో):
వకీలు సాబ్ చెప్పింది నిజం. నేను డబ్బుల సంగతి చెప్తా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, కట్టక్కర్లేదని అంతా అనుకుంటారు. ఆ మినహాయింపు ఇచ్చే 2012 విధానం కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకు. రాష్ట్ర టెండర్ కాగితాల్లో ఆ మినహాయింపు రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈఎండీ డబ్బు ముందే సర్దుకోండి.

ఉద్యమ్ మాత్రం సరఫరా మొదలుపెట్టకముందే చేయించుకోండి, ఫీజు లేదు. బిల్లు ఆగిపోయినప్పుడు అక్కరకొచ్చేది అదే. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం 45 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడిగే హక్కు ఉంది. కాకపోతే సొంతంగా తయారు చేసి ఇస్తే ఒక రకం, కొని అమ్మితే ఇంకో రకం, ఉత్త వ్యాపారానికి ఈ హక్కు దొరకడం కష్టం. మీ సంఘం శుభ్రం చేసి, ప్యాకింగ్ చేసి ఇస్తుంటే ఆ పని కాగితాల్లో కనపడాలి.

వనపర్తి నుంచి:
అన్నా, మేం హాస్టల్‌కు కూరగాయలు వేయాలనుకుంటున్నాం. ఆ 2004 ఉత్తర్వు మాకూ పనికొస్తుందా?

నల్లగొండ, వకీలు:
నేరుగా పనికిరాదు తమ్ముడూ, అది అంగన్‌వాడీల గురించి. హాస్టల్ టెండర్‌లో షరతు పనికి తగ్గట్టు ఉందా లేదా అన్నది మాత్రమే వాదించగలరు.

దేవరకొండ నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా. ప్రీబిడ్ గురువారమే ఉంది. లెటర్‌తో పాటు సంఘం తీర్మానం కూడా పెట్టాలా?

నల్లగొండ, వకీలు:
పెట్టండి అక్కా. ఎవరు సంతకం చేస్తారో తీర్మానంలో రాసి, బిడ్ మీద కూడా వారే సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఆడిట్ కాగితాలు జత చేయండి. గురువారం మీటింగ్‌కు ఇద్దరు వెళ్లి, మినిట్స్‌లో మీ అభ్యంతరం రాశారో లేదో అక్కడే చూసుకోండి.