అప్‌డేట్: చిల్లు పడిన ఇంజిన్ బ్లాక్ సంగతి
పోయిన నెల అడిగాను కదా, కనెక్టింగ్ రాడ్ (ఇంజిన్ లోపల పిస్టన్‌కు తగిలించి ఉండే కడ్డీ) విరిగి నా 2013 మోడల్ డీజిల్ కారు ఇంజిన్ బ్లాక్‌కు (సిలిండర్లుండే ఇనుప దిమ్మెకు) చిల్లు పడింది, అతికించనా, మార్చనా అని. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పించాను. బయటి చిల్లుకు అతుకు వేయొచ్చన్నాడు మేస్త్రి. కానీ టార్చి వేసి చూపించాడు: మూడో సిలిండర్ గోడ మీద వెంట్రుకంత పగులు, గోరు పెడితే తగులుతోంది. పోత ఇనుము, వేడికి మళ్లీ విచ్చుకుంటుందట. ఆ పగులులోంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారి ఆయిల్‌లో కలిస్తే బేరింగులూ పోతాయి. రిపేర్ ఆశ అక్కడే వదిలేశాను.

బిల్లుతో సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ దొరికింది. బిల్లు లేనిది ఇంకా చవగ్గా ఇస్తామన్నారు గానీ, అది దొంగ బండిదైతే స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? నిన్న స్టార్ట్ చేశాం, పొగ లేదు. ఆర్సీలో ఇంజిన్ నంబర్ మార్పించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి. పాత బ్లాక్ ఇంకా షెడ్డులోనే ఉంది.