ఈ వారం సమస్య: ‘చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి’

నిర్వాహకుడు:
పక్కింటి కుర్రాడు ఫోను పైకెత్తి అరిచిన అరుపిది. ఆటవెలది (ఆ.వె.) చివరి పాదానికి గణాలు సరిపోయాయి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జత అక్షరం) దానంతటదే కూర్చుంది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

*చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి*

ఇదే నాలుగో పాదంగా, ముందు మూడు పాదాలూ వీడియో గేముల మీదే పూరించాలి. సావిత్రి, నచికేతుడు, పరీక్షిత్తు ఈసారికి వద్దు. ఇంకో షరతు కూడా ఉంది. లక్షలు పోసి కొన్న కంప్యూటర్ల మీద ఆడిన ఆట కాదు, జేబులో చిల్లరతో ఆడిన ఆట కావాలి. గడువు ఆదివారం రాత్రి.

గోదారిగట్టు:
ఆ.వె.
నూరు నాణెములకు నూతన ప్రాణమ్ము
గుంతఁ బడిన లేచి గోడ దూఁకి
యిటుక లన్ని పగుల నింతిని విడిపించు
చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి

టీవీ ఆటలో ఇటుకలు పగలగొడుతూ రాకుమారిని విడిపించే మారియోకు అంకితం. వంద నాణేలు ఏరితే ఒక ప్రాణం అదనంగా వచ్చేది. మా ఇంట్లో రెండో క్యాసెట్టు కొనే వీలు లేదు. ‘999 ఇన్ 1’ అని అట్ట మీద రాసుండేది కానీ లోపల తిప్పి తిప్పి అవే నాలుగైదు ఆటలు. సెలవులన్నీ ఆ ఇటుకల కిందే గడిచాయి, సంతోషంగా గడిచాయి.

సీసం మాస్టారు:
మొదటి పాదం ఒకసారి చూసుకోండమ్మా. ‘నూతన ప్రాణమ్ము’ సమాసం. ‘ప్రా’ ముందున్న ‘న’ గురువు (రెండు మాత్రల అక్షరం) అవుతుంది.

నగణం నాని:
అవనివ్వండి మాస్టారూ. భగణం పోయి రగణం వస్తుంది, రెండూ అక్కడ రావలసిన ఇంద్రగణాలే. అక్క పద్యానికి నష్టమేమీ లేదు.

సీసం మాస్టారు:
నష్టమనలేదు నానీ, చూసుకోమన్నాను. అసలు చిక్కు చివర ఉంది. మారియో కుళాయిలు బాగుచేసేవాడు. రాకుమారిని విడిపించాడు సరే, రాజ్యం ఆ అమ్మాయిది. ఇతను చక్రవర్తి ఎప్పుడయ్యాడు?

కందకుసుమం:
ఆ సంగతి పక్కన పెట్టి ‘గుంతఁ బడిన లేచి’ చూడండి మాస్టారూ. ఆ ఆటలో గుంతలో పడ్డవాడు లేవడమనేది లేదు, ప్రాణం పోయినట్టే. లేచేది తర్వాతి ప్రాణంతోనే. నాలుగో పాదంలో రావలసిన చావును రెండో పాదంలోనే, ఆ మాట వాడకుండా చెప్పేశారు. నాకు పద్యమంతా అక్కడే ఉంది.

పాలమూరు పిల్లగాడు:
ఆ.వె.
పైస లేనివాని పబ్జీకిఁ బిలిచిరి
కొత్త యంగిఁ గొనక కొండ యెక్కి
వృత్త మెంత తగ్గ వెనుకంజ వేయఁడు
చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి

పబ్జీ ఫోన్ల ఆడే కాల్పుల ఆట. యూసీ (పైసలిచ్చి కొనే ఆట నాణేలు) పెట్టి కొనే అంగీలు చూపుకే. తూటాకు అంగీ కొత్తదా పాతదా తెల్వదు. నా ఫోన్ల రెండు మ్యాచులు అయ్యేసరికి వెనక అట్ట కాలుతది, అయినా ఆడుతా.

నగణం నాని:
తమ్ముడూ, పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులోనే నిషేధించారు. 2021 నుంచి మనకున్నది దాని భారతీయ రూపం బీజీఎంఐ. పైగా ఒక మ్యాచులో చస్తే లాబీకి (ఆట మొదలయ్యే తెరకు) పోవాల్సిందే. మూడుసార్లు ఎలా చచ్చావు?

పాలమూరు పిల్లగాడు:
మూడు మ్యాచులల్ల చచ్చిన అన్నా, నాలుగోదాంట్ల చికెన్ డిన్నర్ కొట్టిన, అంటే గెలిచిన. పేరు కూడా మార్చి చూసిన. యతి కాడ ‘పై’ ఎదురుగ ‘బీ’ పెడితే హల్లు కలుస్తది గానీ అచ్చు కలుస్తలేదు. అందుకే పాత పేరే ఉంచిన. మా ఊర్ల ఇప్పటికీ అందరూ పబ్జీ అనే అంటరు.

సీసం మాస్టారు:
ఆటలో ప్రాణానికి భద్రమైన వృత్తం తగ్గేకొద్దీ ఎదుటివాడు దగ్గరవుతాడు. ఆ భయం మూడో పాదంలో పట్టావు, అదీ వృత్తపద్యంలో కాకుండా ఆటవెలదిలో. బాగుంది బాబూ. ఈ గుంపులో ఏళ్ళ తరబడి రాస్తున్న కొందరికి ఈ పొదుపు ఇంకా రాలేదు.

కందకుసుమం:
ఆ.వె.
మూఁడు జీవములను ముప్పదిఁ జేసెడి
మంత్ర మెఱుఁగు వాఁడు మనకు నొకఁడె
యద్దె గంట తీరు నంతలోఁ గెల్చిన
చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి

కాంట్రా అనే తుపాకుల ఆట ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మీటలు నొక్కే వరుస ఇది: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ, ఆపైన స్టార్ట్. మూడు ప్రాణాలు ముప్పై అయ్యేవి. గంట అద్దెకు ఆడించే కొట్లో ఆ వరుస తెలిసిన అబ్బాయి ఒక్కడే ఉండేవాడు. నలుగురం చిల్లర పోగేసి వాడి పక్కన కూర్చునేవాళ్ళం. క్యాసెట్టు పట్టకపోతే తీసి ఊదేది కూడా వాడే. ఆ ఊదిన సమయం గంటలో కలపకూడదని కొట్టాయనతో ప్రతిసారీ గొడవ.

గోదారిగట్టు:
‘అద్దె గంట తీరు నంతలో’ దగ్గర ఆగిపోయాను. ఇన్ని పూరణల్లో డబ్బు, ఆట ఒకే చోట కలిసింది ఇక్కడే. చావుకు ఖరీదు లేదు, గంటకు ఉంది.

నగణం నాని:
ఆ మీటల వరుస వెనుక కూడా ఒక కథ ఉంది. 1986లో గ్రేడియస్ ఆటకు పనిచేస్తున్న కజుహిసా హాషిమోటోకు, పరీక్షించడానికి ఆడుతుంటే ఆట తనకే కష్టమైంది. తన సౌకర్యానికి పెట్టుకున్న వరుస ఆటలోనే ఉండిపోయింది. తర్వాత కాంట్రాకూ అదే వాడారు.

ఇక నా పూరణ, కంప్యూటరు ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం మీద.

ఆ.వె.
స్టీము సేలు వచ్చెఁ జిల్లర లెక్కించి
డిస్కౌంటు కొఱకు డెంద మూఁగె
సగము ధరకుఁ గొంటి సంపూర్ణ విజయమ్ము
చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి

సీసం మాస్టారు:
‘డిస్కౌంటు’. రెండు గురువులు పక్కపక్కన పెట్టి, ఒక్క గురువుకు మించి పట్టని సూర్యగణం అంటున్నావు. ఇది ఆటవెలది నానీ.

నగణం నాని:
‘డిస్కవుంటు’ అని పలకండి మాస్టారూ. హగణాలు (గురువు, లఘువు) రెండు, దేనికదే. మా బజార్లో బోర్డుల మీద అలాగే రాస్తారు.

సీసం మాస్టారు:
బోర్డు మీద రాశారు, నువ్వు రాయలేదు. అచ్చులో ఉన్నదానికే లెక్క. ఇది కొత్త కాదులే. పోయిన నెల ‘కరెంటు పోయె’ అని పాదం ఎత్తుకున్నావు. అక్కడ ఇమడని జగణంతో ఎత్తుగడ! చెబితే మా ఊళ్ళో ‘కర్రెంటు’ అంటారన్నావు. ‘పోయెఁ గరెంటని’ పాదం చివరికి తోస్తే సరిపోయేది.

నగణం నాని:
ఆ పద్యానికి అప్పుడు పద్దెనిమిది మంది భేష్ అన్నారు. మీరొక్కరే జగణం దగ్గర కూర్చున్నారు. ఇప్పుడు ‘డిస్కవుంటు’ అనే అచ్చులో పెడుతున్నాను, చదువుకోండి.

కందకుసుమం:
నానీ, ‘గొంటి’ అన్నాక చివర ‘చక్రవర్తిని’ ఉండాలి, సమస్య దానికి చోటివ్వదు. ‘సగము ధరకుఁ గొనియె’ అను. గణం చెడదు, చక్రవర్తి వేరే మనిషవుతాడు. మొదటి పాదం మాత్రం నిజమైన బాధ. 2015 చివర్లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాక గానీ మాలాంటివాళ్ళకు అది అందలేదు. అంతకుముందు డాలర్లు, అవి కట్టగల కార్డు ఎవరి దగ్గరుందా అని వెతుకులాట. కొన్న ఆట నచ్చకపోతే రెండు గంటలకు మించి ఆడకుండా, 14 రోజుల్లోపు అడిగితే డబ్బు వెనక్కిస్తారు. చిల్లర లెక్కించేవాళ్ళకు ఆ రెండు గంటలే పెద్ద ధైర్యం.

గోదారిగట్టు:
మాస్టారూ, అందరి లెక్కలూ చూశారు. మీ పద్యం చూసి చాలా రోజులైంది.

సీసం మాస్టారు:
ఆ.వె.
గురుని వారమందుఁ గొనక దక్కిన యాట
పాత పెట్టె మీఁదఁ బగలు రాత్రి
యాడి యోడి లేచి యందఱి మించిన
చచ్చి చచ్చి చచ్చి చక్రవర్తి

ఎపిక్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం వాళ్ళు 2018 డిసెంబరు నుంచి ఉచితంగా ఆటలిస్తున్నారు. కొత్త ఆట మారేది గురువారం రాత్రి. ఒకసారి తీసుకుంటే ఖాతాలో ఉండిపోతుంది. 2020 మేలో జీటీఏ ఫైవ్ అనే పెద్ద ఆట ఇచ్చిన రోజు జనం తాకిడికి ఆ దుకాణమే కూలబడింది. నా కంప్యూటరు పాతది, పెద్ద ఆటలు మోయదు. అయినా గురువారం గురువారం వెళ్ళి తీసుకుంటాను. చిన్న ఆటల్లోనే ఎంత పనితనం ఉందో, ఉచితంగా రాకపోతే నాకు తెలిసేది కాదు.

పాలమూరు పిల్లగాడు:
మాస్టారూ, మీరు గూడ ఆడుతరని తెల్వదు! పెద్ద పండుగ అయినట్టుంది నాకు.

నగణం నాని:
గణాలు చూశాను, యతి చూశాను. గట్టిగా ఉంది. ఒక్కటే సందేహం. ఆట మారేది రాత్రి అంటున్నారు. మరి ‘పగలు రాత్రి’ ఎలా? ముందు రాత్రి, తర్వాత పగలు కావాలి కదా.

సీసం మాస్టారు:
‘రాత్రి పగలు’ అంటే ‘పా’కు ఎదురుగా ‘రా’ వచ్చి యతి పోతుంది. అర్థంలోనూ తప్పు లేదు. ఆట తీసుకునేది రాత్రే, మా ఇంటి నెట్టుకు అది దిగేసరికి తెల్లవారుతుంది. ఆడటం మొదలుపెట్టేది పగలే.